ముందు చక్రముల కీళ్ళు

ఎడ్లబండి తోలిన కుటుంబములవారికి కందెన యను మాట క్రొత్తది కాదు. గడ్డి కాల్చిన మసిని ఆముదములో కలిపి, వెదురుగొట్టములో నింపి, బండి క్రింద వ్రేలాడగట్టుకొనెడివారు. దూరప్రయాణమునకు ముందు కడచీల ఊడదీసి, చక్రమును కొంచెము బయటికి లాగి, ఇరుసునకు కందెన పూసి, మరల చక్రమును నెట్టి చీల దిగవేయుట బండివాని నిత్యకృత్యములలో నొకటి. చక్రము కిఱ్ఱుమని మొఱపెట్టినచో బండివాడు ఏమరినాడని వీధివారందఱును గ్రహించెడివారు. ఒక వస్తువు వేఱొక వస్తువుపై తిరుగుచున్నపుడు ఆ రెంటిలో ఏదో యొకటి అరిగి తీరును. ఏది అరుగవలెను, ఎవరు దానిని కనిపెట్టి యుండవలెను అను రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే వాహన నిర్మాణములో సగము పని.

నేటి ప్రసంగమునకు విషయము పికప్పు అనబడు చిన్న సరకుల మోటారు. ముందు ఇద్దరు ముగ్గురు కూర్చుండు గది, వెనుక మూతలేని తొట్టి గలిగిన ఈ బండి అమెరికా సంయుక్త రాష్ట్రములలో పుట్టి పెరిగినది. అచ్చటి రైతు, వడ్రంగి, కాంట్రాక్టరు దీనిని లక్ష మైళ్ళు, రెండు లక్షల మైళ్ళు నడిపిన పిమ్మటను వదలిపెట్టరు. అంత దూరము తిరిగిన బండిలో ఇంజను గూర్చియే యజమానులు ఎక్కువగా చింతింతురు. ఇంజను చెడినచో బండి నిలిచిపోవును. అంతకుమించి ప్రమాదము అరుదు. ముందు చక్రమును చట్రమునకు పట్టియుంచు కీళ్ళు చెడినపుడు మాత్రము బండి నిలువదు, నడచుచుండును. చిక్కంతయు అందే యున్నది.

ముందు చక్రము చేయవలసిన పనులు కొంచెము కావు. బరువు మోయవలెను, గోతిలో దిగి గట్టుపై ఎక్కవలెను, కుడియెడమలకు మఱలవలెను, బ్రేకు పట్టినపుడు బండి త్రోపునంతటిని భరింపవలెను. ఈ నాలుగు పనులును కొన్ని అంగుళముల ఉక్కు కీళ్ళ ద్వారా జరుగుచున్నవి. మనుష్యుని మోకాలివలె ఇవియు వయసుతో అరుగును. ఈ కీళ్ళ చరిత్రను కొంత చెప్పుకొనినగాని పాత పికప్పునకు జరుగు మరమ్మతులోని మర్మము తెలియదు.

రెండు చక్రముల ఎడ్లబండికి మలుపు తిరుగుట ఎద్దుల పని. చక్రమునకు దానితో సంబంధము లేదు. నాలుగు చక్రముల గుఱ్ఱపుబండికి ఆ సౌకర్యము లేదు. పూర్వపు ఐరోపా బండ్లలో ముందు ఇరుసు మొత్తము నడుమనున్న ఒకే మేకుపై తిరిగెడిది. తిరిగినపుడు చక్రము బండి క్రిందికి పోవలసియుండుటచే ముందు చక్రములను చిన్నవిగా చేసెడివారు. మలుపు మిక్కిలి వాడిగా నున్నచో బండి ఒక ప్రక్కకు ఒరిగి బోల్తాపడుటయు కలదు. 19వ శతాబ్ది ఆరంభమున మ్యూనిక్ నగరమున బండ్లు చేయు గియార్గ్ లాంకెన్‌స్పెర్గర్ యను నతడు ఇరుసును కదలనీయక, దాని రెండు చివరలయందు రెండు మేకులు నిలిపి, ఒక్కొక్క చక్రమును ఒక్కొక్క మేకుపై తిరుగునట్లు ఏర్పాటు చేసెను. లండనులో చిత్రపటములు ముద్రించి అమ్ముచుండిన రుడాల్ఫ్ ఆకర్‌మాన్ అతని ప్రతినిధిగా 1818లో ఇంగ్లాండున పేటెంటు పొందెను. కనిపెట్టినవాని పేరు మఱుగున పడి, దరఖాస్తు పెట్టినవాని పేరు నిలిచినది. నేటికిని మోటారు ఇంజనీర్లు దీనిని ఆకర్‌మాన్ పద్ధతి యనియే పిలుతురు.

మోటారు వచ్చిన తొలినాళ్ళలో ఈ సంగతి అందఱకు అక్కఱకు రాలేదు. జర్మనీలో కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన మొదటి మోటారుబండికి మూడే చక్రములు. ముందు రెండు చక్రములను సరిగా త్రిప్పు ఉపాయము తృప్తికరముగా కుదరకపోవుటయే దానికి కారణము. 1893లో గాని అతడు నాలుగు చక్రముల బండి నిర్మింపలేదు. ఇంజను కనిపెట్టుటకంటె ముందు చక్రమును త్రిప్పుట అతనికి ఎక్కువ కాలము పట్టినదనిన అతిశయోక్తి కాదు.

ఇరుసు చివరనున్న ఆ మేకునే తరువాతివారు కింగ్‌పిన్ను అనిరి. దాని అమరిక ఇట్లుండును. ఇరుసు కొనయందు నిలువుగా ఒక రంధ్రము. ఆ కొనను పైనుండియు క్రిందినుండియు పట్టుకారువలె పట్టుకొనియుండు ఉక్కు ముక్క మఱియొకటి. మన వర్క్‌షాపులలో దీనిని స్టబ్బు అందురు. చక్రము తిరుగునది దీనిపైననే. రెంటిని గ్రుచ్చుచు నిలువుగా దిగిన లావుపాటి ఉక్కుమేకు కింగ్‌పిన్ను. పిన్ను ఇరుసులో కదలకుండ ప్రక్కనుండి చిన్న చీల యొకటి దానిని బంధించును. స్టబ్బు మాత్రము పిన్ను చుట్టును తిరుగును. తిరుగు చోట, పైనొకటి క్రిందనొకటి, కంచు బుష్షులు. ఇందలి వివేకము గమనింపదగినది. ఉక్కుకంటె కంచు మెత్తన. కావున మొదట అరిగెడిది బుష్షు. ఖరీదైన ఇరుసును కాపాడుటకు స్వల్పమైన కంచుగొట్టమును బలియిచ్చుచున్నారన్నమాట.

హెన్రీ ఫోర్డు 1908లో విడుదల చేసిన మోడల్ టి బండి ముందుభాగము ఇదే సూత్రముపై నున్నది. పోతపోసినది గాక సుత్తిదెబ్బలతో రూపొందించిన ఉక్కు ఇరుసు. దానికి పైగా అడ్డముగా నొకే కమాన్‌కట్ట. రెండు చివరల రెండు పిన్నులు. ఆ బండిని కొన్న రైతులు వెనుకసీటు తీసివేసి చెక్కపెట్టెలు బిగించుకొని ధాన్యము, పాలడబ్బాలు, పందిపిల్లలు మోసికొనిపోవుట మొదలిడిరి. అది చూచి ఫోర్డు కంపెనీ 1925 ఏప్రిలులో తానే ఉక్కుతొట్టి బిగించి అమ్మజూపినది. ధర 281 డాలర్లు. ఫ్యాక్టరీనుండియే పూర్తిగా తయారై వచ్చిన మొదటి పికప్పు ఇది. ఆ యేడు దాదాపు 34 వేలు అమ్ముడుపోయినవి. గమనింపవలసిన దేమనగా, మనుష్యులకై చేసిన ముందుఇరుసుపైననే సరకుల బరువును మోపిరి. పికప్పు పుట్టుకలోనే దాని కీళ్ళకు కష్టము వ్రాసిపెట్టియున్నది.

ఈ పిన్నులను బాగుచేయుట ఆ కాలపు మెకానిక్కులకు చేతిపనితనమునకు పరీక్షగా నుండెడిది. మొదట జాకీ యెత్తి, చక్రమును పైనొక చేత క్రిందనొక చేత పట్టి ఊపి చూచెడివారు. టకటకమని కదలినచో ఎక్కడనో వదులున్నదని తెలియును. ఆ వదులు పిన్నుదా, చక్రపు బేరింగుదా యను సందేహము తీర్చుకొనుటకు ఒక చక్కని ఉపాయము కలదు: తోడివానిని బ్రేకు త్రొక్కి పట్టమందురు. అప్పుడు ఊపిన వదులు మాయమైనచో దోషము బేరింగుది. మాయము కానిచో పిన్నుది. బ్రేకు పట్టినపుడు చక్రమును స్టబ్బును ఒకటియైపోవుటయే దీనికి కారణము. ఇట్టి పరీక్షకు యంత్రము లేదు, ఖర్చు లేదు.

దోషము తేలిన పిమ్మట చక్రము, బ్రేకు విప్పి, చీల తట్టి, పిన్నును సుత్తితో దించవలెను. ఏండ్ల తరబడి త్రుప్పుపట్టిన పిన్ను ఒక్కొక్కప్పుడు ఇరుసును ఎఱ్ఱగా కాచినగాని కదలదు. పాత బుష్షులు త్రోసివేసి క్రొత్తవి ఎక్కించునపుడు బుష్షులోని నూనెరంధ్రము స్టబ్బులోని రంధ్రమునకు ఎదురుగా రావలెను. వెండ్రుకవాసి తప్పినచో ఎంత గ్రీజు కొట్టినను లోపలికి పోదు. తరువాత పైబుష్షును క్రిందిబుష్షును ఒకే పొడుగుపాటి రీమరుతో ఒకే వరుసలో చెక్కవలెను. పిన్నును బొటనవ్రేలితో నొక్కిన దిగవలెను. తనంత తాను జాఱిపడరాదు. పిన్నుకు బుష్షుకు నడుమ సందు అంగుళములో వేయింటి కొలదిగా నుండును. చివరకు స్టబ్బునకు ఇరుసునకు మధ్య పలుచని రేకుబిళ్ళలు వేసి క్రిందు మీదుల వదులు తీసెడివారు. పనివాని బొటనవ్రేలే ఇచ్చట కొలబద్ద.

పిన్ను పనికి గ్రీజు ప్రాణము. మొదట నూనెగిన్నెలుండెడివి, ధూళి పడుచుండెను, నూనె కాఱిపోవుచుండెను. మొదటి ప్రపంచయుద్ధ కాలమున షికాగోలో ఆర్థర్ గల్బోర్గు ఒత్తిడితో గ్రీజు ఎక్కించు తుపాకివంటి సాధనమును, దాని కమరు మూతిని కల్పించెను. ఆస్కర్ జెర్కు యను వియన్నావాడు దానిని మఱింత సులభము చేసి 1929లో పేటెంటు పొందెను. చిన్న నిపిలు, దాని కొనయందు స్ప్రింగుపై నిలిచిన ఆవగింజంత గుండు. గ్రీజు త్రోపునకు గుండు లోపలికి తగ్గి దారి యిచ్చును, త్రోపు ఆగగనే దారి మూయును. నేటికిని ట్రాక్టరు మొదలు లారీవఱకు ఇదియే వాడుకలో నున్నది. ఆ దినములలో వేయి మైళ్ళకొకసారి బండిని గుంటపై నిలిపి ప్రతి నిపిలునకు గ్రీజు కొట్టించుట మామూలు. గ్రీజు కొట్టువాడు ప్రతి కీలును చేత ముట్టి, గుడ్డతో తుడిచి, కంట చూచెడివాడు. పిన్ను కదలుచున్నదని బండి యజమానికి మొదట చెప్పెడివాడు అతడే. అతడు ఇచ్చెడిది గ్రీజొక్కటియే కాదు, వేయి మైళ్ళకొక వైద్యపరీక్ష. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెనని శ్రోతలను కోరుచున్నాను. మున్ముందు దీనితో పని యున్నది.

1920లలో ముందుచక్రములకు కూడ బ్రేకులు వచ్చినవి, గాలి ఒత్తిడి తక్కువగానున్న లావు టైర్లు వచ్చినవి, వేగము పెరిగినది. అంతట నొక క్రొత్త వ్యాధి పుట్టినది. కొంత వేగమందుకొనగనే ముందుచక్రములు రెండును కుడియెడమలకు గజగజ వణకుచు స్టీరింగును చేతిలోనుండి పెఱికివేయజొచ్చెను. కారణము బొంగరములోనున్నది. తిరుగుచున్న బొంగరమును ఒక ప్రక్కకు వంచజూచిన అది మఱియొక దిక్కునకు తిరుగును. ఒకే ఇరుసునకు రెండు చక్రములు బిగించియున్నపుడు, ఎడమ చక్రము గట్టెక్కినచో ఇరుసు మొత్తము వాలి, రెండు చక్రములును వంగును. వంగినవి బొంగరమువలె ప్రక్కకు తిరుగును. తిరిగినవి మరల వంగును. ఇట్లొకదాని నొకటి రేపుకొనుచు వణకు పెరుగును.

ఇంగ్లాండులో రోల్స్ రాయిస్ కంపెనీలో పనిచేసి 1930లో కాడిలాక్ కంపెనీలో చేరిన మారిస్ ఆలీ యను ఇంజనీరు దీనిపై ఎడతెగని పరిశోధనలు చేసెను. రెండు చక్రములకును సంబంధము తెంచుటయే మందని అతని వాదము. ఫలితముగా జనరల్ మోటార్సువారి 1934 కార్లలో ముందుచక్రములు దేనికదియే లేచిదిగు స్వతంత్ర పద్ధతి వచ్చినది. కాడిలాక్, బ్యూయిక్ బండ్లలో ప్రతి చక్రమును రెండు ఉక్కు బాహువులు పట్టుకొనును. వీనినే మెకానిక్కులు కంట్రోల్ ఆర్ములందురు. పైబాహువు పొట్టిది, క్రిందిబాహువు పొడవైనది. నడుమ చుట్టల స్ప్రింగు.

కార్లకు సుఖము వచ్చినదిగాని మరమ్మతుకు సుఖము రాలేదు. కింగ్‌పిన్ను ఒక్క పనియే ఎఱుగును, తిరుగుట. చక్రము లేచిదిగునపుడు బాహువుల కొనలు కూడ వంగవలెను గదా! అందుచేత పిన్నునకు పైన క్రింద వేఱు పిన్నులు, వానికి వేఱు బుష్షులు, వానికి వేఱు నిపిళ్ళు పెట్టవలసి వచ్చెను. అరిగెడి చోట్లు పెరిగినవి. పికప్పులు చేయువారు దీనిని చూచి దూరముగా నుండిరి. ఒకే దుక్క ఇరుసు చవుక. బరువెక్కినను చక్రముల వాలు మారదు. గోతిలో పడి వంగినను చల్లగానే వంచి సరిచేయవచ్చును. రైతునకు సుఖముకంటె ఇవి ముఖ్యము. అందుచే కార్లు మారిన పిమ్మట పాతికేండ్లవఱకు పికప్పులు పాత ఇరుసుతోనే నడచినవి. వారిని వెనుకబడినవారని నేననజాలను.

మార్పునకు దారి చూపినది మన భుజములోని ఎముకవంటి కీలు. ఎముక కొన గుండ్రముగా నుండి గుంటలో నిలిచి అన్ని దిక్కులకు తిరుగునట్లు, ఉక్కుకాడ చివర గుండు చేసి దానిని గిన్నెలో బంధించిన, తిరుగుటయు వంగుటయు ఒకే కీలుతో జరుగును. ఇదియే బాల్‌జాయింటు. అమెరికా కార్లలో 1952 లింకన్ దీనిని ముందుచక్రములకు మొదట వాడినది. 1954లో ఫోర్డు, 1955లో షెవ్రొలే అనుసరించినవి. పైనొక గుండు, క్రిందనొక గుండు. నడుమ కింగ్‌పిన్ను లేనేలేదు. పికప్పులలో షెవ్రొలే 1960లో ముందుచక్రములకు స్వతంత్ర పద్ధతి ప్రవేశపెట్టి, మొదట మెలిదిరుగు కడ్డీలను వాడి, 1963లో చుట్టల స్ప్రింగులకు మారినది. ఫోర్డువారు మాత్రము 1965లో విచిత్రమైన రాజీమార్గము త్రొక్కిరి. ఒక ఇరుసునకు బదులు రెండు ఇరుసులు. ఎడమ చక్రపు ఇరుసు చట్రపు కుడివైపున, కుడి చక్రపు ఇరుసు ఎడమవైపున కీలించిరి. దుక్క ఇరుసు బలమును, స్వతంత్రమును రెండును దక్కించుకొనవలెనని వారి యాశ. బలము దక్కినది. కాని బరువును బట్టి చక్రముల వాలు మారుటచే టైర్ల అంచులు అరుగుచుండెను; సరిచేయుటకు ఆ దుక్క ఇరుసునే వంచవలసివచ్చెను. కింగ్‌పిన్నులు కూడ ఆ బండ్లలో చాలకాలము మిగిలియుండెను.

బాల్‌జాయింటుతోపాటు మఱియొక మార్పు నిశ్శబ్దముగా వచ్చినది. నా దృష్టిలో చరిత్రకు మలుపు అదియే. 1961 ఫోర్డు కార్లకు 30,000 మైళ్ళవఱకు గ్రీజు కొట్టించ నక్కఱలేదని కంపెనీ ప్రకటించినది. వేయి మైళ్ళెక్కడ, ముప్పదివేల మైళ్ళెక్కడ! గిన్నెలో లోహమునకు బదులు జాఱుడుగల ప్లాస్టిక్ పొర, మంచి గ్రీజు, పైన రబ్బరు తొడుగు. క్రమముగా నిపిలు కూడ లేకుండ, ఫ్యాక్టరీలోనే గ్రీజు నింపి జన్మాంతము మూసివేసిన జాయింట్లు వచ్చినవి. యజమానికి శ్రమ తగ్గినది, ఖర్చు తగ్గినది. ఇందు సందేహము లేదు. అయితే గుంటలో దిగి గుడ్డతో తుడిచి చూచెడి మనుష్యుడు కూడ ఆ నిపిలుతోపాటు తొలగిపోయెను. రబ్బరు తొడుగు చినిగినచో నీరు, ఇసుక లోనికి పోవును. ఇసుక పడిన గ్రీజు గ్రీజు గాదు, సానఱాతి పొడి. లోపల జరుగునది బయటికి కానరాదు.

కింగ్‌పిన్ను అరిగిన బండి గోలచేయును, వణకును, తిన్నగా పోదు. కాని ఆ లావుపాటి మేకు విఱిగి చక్రము ఊడిపోవుట అరుదు. బాల్‌జాయింటు అట్లు కాదు. అరిగిన గుండు గిన్నెలోనుండి జాఱిపోయినచో చక్రమును పట్టుకొనునది లేదు. చక్రము మడ్‌గార్డు క్రిందికి వాలిపోవును, బండి ముందుమూల నేలకొఱుగును, బ్రేకు గొట్టము తెగవచ్చును. ఇంటి వాకిట మలుపు త్రిప్పుచుండగా జరిగినచో నష్టము కొంచెము. రహదారిపై అఱువది మైళ్ళ వేగమున జరిగినచో చెప్పనక్కఱలేదు.

ఇందు గుండు ఏ దిక్కున నిలిచినదను విషయము ప్రధానము. కొన్ని అమరికలలో బండి బరువు గుండును గిన్నెలోనికే అదుముచుండును. అరిగినను బరువే దానిని పట్టియుంచును. మఱికొన్నింట బరువు గుండును గిన్నెలోనుండి బయటికి లాగుచుండును. ఇట్టిచోట అరుగుదల హద్దు మీరినపుడు అడ్డుపడునది లేదు. టయోటావారి టకోమా పికప్పులో 2004 నమూనావఱకు క్రిందిజాయింటు ఈ రెండవ రకమునకు చెందినది. 2005లో ఆ కంపెనీ, 2001 మొదలు 2004 వఱకుగల నమూనాలలో టకోమాలను, అదే వర్గపు ఇతర బండ్లను కలిపి, అమెరికాలో దాదాపు 7,75,000 వాహనములను క్రిందిజాయింట్ల పరీక్షకై వెనుకకు పిలిచినది. తయారీలో గుండుపై గీతలు పడియుండవచ్చుననియు, దానిచే జాయింటు త్వరగా అరిగి వదులై చివరకు విడిపోవచ్చుననియు కారణము చెప్పిరి. గుండుపై కంటికానని గీత, లక్షల బండ్లను వర్క్‌షాపులకు రప్పించినది. ఆ బండ్లు దృఢత్వమునకు పేరుపడినవి. వానిలో అనేకము లక్షల మైళ్ళు తిరిగి నేటికిని పనిచేయుచున్నవి. ఇంజను చక్కగా నడచుచున్నదను ధీమాయే యజమానిని ఏమఱునట్లు చేయునని నాకు తోచుచున్నది.

అరుగుదలను కనబఱచుటకు ప్రయత్నములు జరుగకపోలేదు. జనరల్ మోటార్సువారు 1970లలో ఒక జాయింటు తెచ్చిరి. దాని అడుగున నిపిలు చుట్టును చిన్న గుబ్బ, అంగుళములో 20వ వంతు బయటికి పొడుచుకొనియుండును. లోపల గుండు అరిగినకొలది గుబ్బ లోపలికి తగ్గును. బిళ్ళతో సమమైనచో జాయింటు మార్చవలెను. గోటితో తాకి చూచిన చాలును. ఇంతటి తేలిక ఉపాయము అన్ని బండ్లకు ఎందుకు రాలేదో ఆశ్చర్యముగా నున్నది.

గుబ్బలేని జాయింటును పరీక్షించుటలో పలువురు పొరపడుచుందురు. స్ప్రింగు క్రిందిబాహువుపై నిలిచిన బండిలో చట్రము క్రింద జాకీ పెట్టి యెత్తినచో, స్ప్రింగు బాహువును క్రిందికి తన్నుచు జాయింటును బిగదీసి పట్టును. అరిగిన కీలు కూడ గట్టిగానే కనబడును. జాకీని క్రిందిబాహువు కొనయందు, జాయింటునకు దగ్గఱగా పెట్టవలెను. అప్పుడు స్ప్రింగు బలము జాకీపై పడి జాయింటు తేలికయగును; చక్రము క్రింద గునపము పెట్టి యెత్తిన వదులు బయటపడును. స్ప్రింగు పైబాహువుపై నున్న బండ్లకు ఇది తలక్రిందులు. అచ్చట చట్రము క్రిందనే యెత్తవలెను. బరువు మోయు జాయింటేదో తెలియకుండ చేసిన పరీక్ష, నాడి దొరకకుండ జ్వరము లేదన్నట్లుండును.

ఇక మరమ్మతు. ఇందు మొదట చెప్పవలసినది స్ప్రింగును గూర్చి. బండి ముందుమూల బరువంతయు మోయు చుట్టలస్ప్రింగు నొక్కబడి యుండును. జాయింటు విప్పగనే క్రిందిబాహువు ఆధారములేక జాఱినచో స్ప్రింగు ఫిరంగిగుండువలె ఎగిరిపడును. ప్రాణములు పోయిన సంగతులు కలవు. కావున క్రిందిబాహువు అడుగున జాకీ నుంచి, పని పూర్తియగువఱకు దానిని తీయరాదు. జాయింటు కాడ కొనకు సన్నగిల్లు ఆకారముననుండి స్టబ్బులోని అట్టి రంధ్రములో బిగిసియుండును. నట్టు తీసినంతమాత్రమున ఊడదు. నట్టును పూర్తిగా తీయక నాలుగు మరలు మిగిల్చి, స్టబ్బు కన్నును ప్రక్కనుండి బరువైన సుత్తితో గట్టిగా కొట్టిన, ఆ అదురునకు కన్ను లిప్తకాలము సాగి కాడ పట్టు వదలును. మిగిల్చిన నట్టు బాహువు ఒక్కసారిగా ఊడిపడకుండ ఆపును. రెండు కొమ్ముల ఉలి దిగగొట్టువారును కలరు. అది రబ్బరు తొడుగును చీల్చును గనుక పాత జాయింటును పాఱవేయునపుడే తగును.

షెవ్రొలే పికప్పులు మొదలగువానిలో ఫ్యాక్టరీ పైజాయింటును రివెట్లతో బిగించెడివారు. ఆ రివెట్ల తలలను డ్రిల్లుతో తొలిచి, ఉలితో కోసి తీయవలెను. క్రొత్త జాయింటు బోల్టులతో వచ్చును. ఒక చక్రమునకు అరపూట పని. నేడు బాహువు, జాయింటు, బుష్షులు అన్నియు కూర్చిన సంపూర్ణ బాహువును అమ్ముచున్నారు. పాతది విప్పి క్రొత్తది తగిలింతురు. పనితనము పోయినదని వాపోవువారున్నారు గాని, వెల్లకిల పండుకొని కంటిలో ఉక్కురజను పడగా రివెట్లు తొలిచినవాడు ఆ మాట అనడు.

బాహువు లోపలి కొనలయందలి రబ్బరు బుష్షులలో మాత్రము నేటికిని పొరపాటు జరుగుచున్నది. ఈ బుష్షు తిరుగదు. బాహువు లేచిదిగునపుడు లోపలి రబ్బరు మెలిదిరిగి మరల స్వస్థితికి వచ్చును. బండిని పైకెత్తి, బాహువు క్రిందికి వ్రేలాడుచుండగా బోల్టును బిగించినచో రబ్బరుకు ఆ స్థితియే స్వస్థితియగును. బండి నేలపై దిగగనే అది మెలిబడియే నిలిచి, కొలదికాలములో చిరుగును. కావున బోల్టులను వదులుగా నుంచి, బండిని చక్రములపై దింపి, బరువు పడిన పిమ్మట కడసారి బిగింపవలెను. రెండు నిమిషముల యోపికకు సంబంధించిన ఈ విషయము తెలియక ఆరునెలలకొకసారి బుష్షులు మార్పించువారు కలరు. జాయింటు నట్టు విషయమున కూడ నియమమొకటి: చెప్పిన బిగువునకు బిగించిన పిదప స్ప్లిట్‌పిన్ను రంధ్రము ఎదురు పడనిచో ఇంకను కొంచెము బిగింపవలెనేగాని వెనుకకు వదులు చేయరాదు. వదులైన కాడ రంధ్రములో ఆడి విఱుగును.

కీళ్ళు మారినపుడు చక్రముల నిలుకడ మారును. పైకి చూచినపుడు చక్రము లోనికి వాలెనా బయటికి వాలెనా, రెండు చక్రములును ముందు కొనలు దగ్గఱగా నున్నవా, తిరుగు అక్షము సైకిలు ముందుఫోర్కువలె తగినంత వెనుకకు వాలియున్నదా, ఈ మూడింటిని కొలిచి సరిచేయవలెను. ఈ మూడవ వాలే మలుపు తిరిగిన పిమ్మట స్టీరింగును తిన్నగా తెచ్చునది. కొలత చేయింపనిచో క్రొత్త జాయింట్లపై క్రొత్త టైర్లు కొలదివేల మైళ్ళలోనే అంచులు గీఱుకొనిపోవును.

మన దేశమున బరువైన లారీలు నేటికిని ఐ ఆకారపు దుక్క ఇరుసుతో, కమాన్‌కట్టలతో, కింగ్‌పిన్నులతోనే నడచుచున్నవి. మోయు బరువును, పడు గోతులను చూచిన, అమెరికా రైతు ఒకప్పుడు చెప్పిన కారణములే ఇచ్చటను చెల్లును. విజయవాడ ఆటోనగరువంటి చోట్ల పిన్నులు దించి, బుష్షులెక్కించి, రీమరు పట్టి, బొటనవ్రేలితో నొక్కి చూచు పనివారు ఇంకను ఉన్నారు. పని ముగిసిన పిమ్మట వారు చక్రమును కుడికొకసారి ఎడమకొకసారి పూర్తిగా త్రిప్పించి, పైనిపిలునకు, క్రిందినిపిలునకు గ్రీజు కొట్టుదురు. బుష్షు అంచున గ్రీజు చుట్టును సమముగా పొంగి వచ్చువఱకు తుపాకి దించరు. ఒక ప్రక్కనే వచ్చినచో పిన్ను మరల దించవలసినదే.